పోగుల్లో పెట్టని ముక్క

అంకిత కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నది పెద్ద అంబర్‌పేట్ నుంచి రావలసిన స్కూలు బస్సు కోసం. గేట్లోకి వచ్చి ఆగింది మాత్రం టమాటా బాక్సులు మార్కెట్‌కు తోలే డీసీఎం వ్యాను. వెనక తలుపు దించగానే అందులోంచి దిగుతున్న మనుషుల్ని చూసి ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. లెక్కపెడితే ఇరవై మంది. ఇరవై మందీ వాళ్ళ ఊరివాళ్ళే. అందరికంటే ముందు దూకినవాడు వాళ్ళ చిన్నబాపు శ్రీపాల్. అందరికంటే వెనక, ఇద్దరి భుజాలు పట్టుకుని దిగింది నాయనమ్మ ఇంద్రమ్మ.

"అగో, మా అన్న బిడ్డ! గీ బంగ్లకు గిప్పుడు మా పిల్లనే పెద్ద!" అని శ్రీపాల్ అక్కణ్ణుంచే కేకేశాడు.

అంకితకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం ఇంకా రానేలేదు. వస్తుందో రాదో తేలే రోజు ఇవాళే.

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఈ దేహశాలలో మనిషి ఒంటి గురించి అంతా ఉంది. అద్దాల బీరువాలు, ముట్టుకోవద్దనే బోర్డులు మాత్రం లేవు. ఇక్కడ అన్నీ ముట్టుకోవాలి, తిప్పాలి, గుంజాలి. ఇల్లంత గుండెకాయలోకి ఒక గదిలోంచి దూరి ఇంకో గదిలోంచి బయటికి రావచ్చు. బీఎస్సీ పాసైన అంకిత వారం రోజులుగా ఇక్కడ గైడు పని నేర్చుకుంటోంది. మొదటిరోజు ఆ గుండెకాయలో నిలబడితే అరికాళ్ళ కింద నేల అదిరింది. చేస్తే ఈ పనే చెయ్యాలి, ఇంకేదీ వద్దు అని ఆ క్షణమే అనుకుంది.

ఉద్యోగం ఒక్కటే. ఆశపడ్డవాళ్ళు ఇద్దరు. రెండోవాడు కిరణ్ కుమార్, ఎమ్మెస్సీ చదివాడు. అతని పరీక్ష నిన్న శనివారం అయిపోయింది. కాగితమూ కలమూ లేని పరీక్ష అది. ఇరవై మందిని గంటసేపు తిప్పి అన్నీ చూపించాలి. చివరికి వాళ్ళను ఆఖరి గదిలో కెమెరా ముందు నిలబెడతారు. గోడలోంచి ఒక గొంతు ఐదు అవయవాల పేర్లు ఒక్కొక్కటిగా అడుగుతుంది. అది తన ఒంట్లో ఎక్కడుందో ఎవరికి వారు చెయ్యి పెట్టి చూపాలి. సరిగ్గా పెట్టిన చేతికి ఒక మార్కు. ఇరవై మందికి ఐదేసి ప్రశ్నలు, మొత్తం వంద మార్కులు. కిరణ్ కుమార్ బృందానికి డెబ్బై రెండు వచ్చాయి. అంకితకు డెబ్బై మూడు రావాలి.

బడి పిల్లల బస్సు చెడిపోయిందనీ, రావడం కుదరకపోవచ్చనీ నిన్న సాయంత్రం కబురొచ్చింది. "రేపు మనుషులు రాకపోతే నా పని అయిపోయినట్టే" అని అంకిత ఇంట్లో కాస్త ఏడ్చింది. ఆ ఏడుపు శ్రీపాల్ చెవిన పడింది. ఆ మనిషి ఏదైనా విన్నాడంటే ఊరుకునే రకం కాదు. ఇంటింటికీ తిరిగి, మా పిల్లకు నౌకరి వచ్చింది, చూద్దాం రాండ్రి అని చెప్పి, తెల్లారేసరికి ఇరవై మందిని పోగేశాడు. పరీక్ష అని చెబితే కలుపు తీసే పని వదిలి ఒక్కరు కూడా కదలరని ఆయనకు తెలుసు. ఇప్పుడు ఓడిపోతే ఉద్యోగంతోపాటు ఊరి ముందు పరువు కూడా పోతుంది. చిన్నబాపు ప్రేమ ఎప్పుడూ ఇంతే, ఒక చేత్తో కాపాడి ఇంకో చేత్తో ఇరికిస్తుంది.

మేనేజరు శ్రీసుధ మెట్ల మీద నిలబడి ఈ తతంగమంతా చూస్తోంది. ఆమెది తెనాలి. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని పదిహేనేళ్ళయింది. మాట మెత్తన, రూలు గట్టిది.

"మీ ఊరివాళ్ళా అంకితా? పరవాలేదండి, ఎవరైనా ఒకటే. కానీ ఆఖరి గదిలోకి మీరు వెళ్ళకూడదు. అద్దం ఇవతలే ఉండాలి, గుర్తుంది కదా?"

"గుర్తుంది మేడం," అంది అంకిత.

లోపలికి అడుగుపెట్టగానే మనవాళ్ళ సంబరం చూడాలి. గుండెకాయలోకి పోగానే "ఓయమ్మో!" అని ఇరవై గొంతులు ఒక్కసారి లేచాయి. యాదలక్ష్మి గోడకు చెవి ఆనించి, "కొట్టుకుంటుందే! నిజంగనే కొట్టుకుంటుంది!" అని అరిచింది. పక్కింటి రుక్మాబాయి రక్తనాళంలో దూరి అవతల తేలింది. జానయ్య మాత్రం ఏసీ గాలి తగిలే మూల చూసుకుని బైఠాయించాడు. అంకిత గొంతు సవరించుకుని, వారమంతా బట్టీపట్టిన పాఠం మొదలుపెట్టింది. కర్ణికలు రెండు, జఠరికలు రెండు, వాటి మధ్య కవాటాలు అంటూ ఏకరువు పెట్టింది. ఒక్కరు వింటే ఒట్టు. ఫోటోలు దిగేవాళ్ళు ఫోటోలు దిగుతున్నారు, శ్రీపాల్ ఫోన్లో ఎవరికో "అవ్, మా అన్న బిడ్డకే నౌకరి" అని చెబుతున్నాడు.

రెండో గది గుమ్మంలో ఒక తర్ఫీదు తెర ఉంది. ఆఖరి గదిలో ఎలా అడుగుతారో ముందే తెలియాలని పెట్టారు. గోడలోని గొంతు తియ్యగా పలికింది. "మీ మూత్రపిండాలు ఎక్కడ ఉన్నాయో చూపించండి."

'మూత్ర' అన్న ముక్క వినగానే మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చేతులన్నీ సిగ్గుపడుతూ బొడ్డు కిందికి దిగాయి. ఇంద్రమ్మ అయితే, "గదేం అడుగుడే, సిగ్గుండొద్దా?" అని గోడను తిట్టి అసలు చెయ్యే ఎత్తలేదు.

తెర మీద వెలిగింది: ఇరవైకి సున్నా.

మూలన నిలబడ్డ శ్రీసుధ తన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.

మూడో గది నడుమ పెద్ద బల్ల ఉంది. దాని మీద మనిషి బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది, రొమ్ము నుంచి పొత్తికడుపు దాకా ఖాళీ. పక్కన పళ్ళెంలో మెత్తటి రబ్బరు అవయవాలు, అచ్చం పచ్చి మాంసంలా తడితడిగా మెరుస్తున్నాయి. మూడు నిమిషాల్లో దేని చోట దాన్ని సర్దాలి. అంకిత అది చెప్పేలోపే శ్రీపాల్ ఫోను జేబులో పడేశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు.

ఇక్కడ శ్రీపాల్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఊళ్ళో ఏ దావతు పడ్డా, నాలుగిళ్ళు కలిసి పొట్టేలును కొన్నా, మాంసాన్ని వాటాలుగా పోగులు పెట్టేది ఆయనే. కార్జంలో ఇంత, గుండెకాయలో ఇంత, బోటిలో ఇంత, అన్ని పోగుల్లోకీ అన్నీ సమానంగా రావాలి. ఇరవై ఏళ్ళలో నా పోగు తక్కువైందని ఒక్కరూ నోరెత్తింది లేదు. చేదుతిత్తి ఒక్కసారి కూడా చిట్లలేదు.

"ఎన్ని పోగులే?" అన్నాడు శ్రీపాల్, పళ్ళెం మీదికి వంగి.

"ఏడిండ్లోళ్ళం ఉన్నం. ఏడు పెట్టు," అన్నాడు జానయ్య. ఏసీ మూల వదిలి ఎప్పుడు వచ్చాడో ఏమో.

గడియారం తిరగడం మొదలైంది. శ్రీపాల్ చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. బల్ల అంచున ఒక వరసలో కార్జం, పక్కన గుర్దాలు, ఇంకో పక్క తిల్లి. "ఒక్క కార్జాన్ని ఏడు చేసుడెట్ల? కత్తేది?" అని కసురుకున్నాడు కూడా. జనం చుట్టూ మూగారు. "నా దాంట్ల తిల్లి రాలే!" అని యాదలక్ష్మి, "గుర్దలు రెండే ఉన్నయ్, ఎవలకేస్తవ్?" అని రుక్మాబాయి. అందరూ పగలబడి నవ్వుతుండగా గంట మోగింది. బొమ్మ కడుపు ఖాళీగా అలాగే ఉంది. మళ్ళీ ప్రయత్నించమంది తెర.

అంకిత మాత్రం నవ్వలేదు, ఏడవనూ లేదు. నోరు తెరిచి చూస్తోంది. వీళ్ళకేమీ తెలియదని ఇంతసేపూ కుమిలిపోయింది తను. ఇరవై మందిలో ఒక్కరైనా ఒక్క ముక్క పేరైనా తప్పు చెప్పారా? లేదే! చేత్తో తడిమి, బరువు చూసి, కడిగి, వండి, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచేవాళ్ళకు తను పొద్దున్నించి చెబుతున్నదేమిటి? కార్జాన్ని కాలేయమనీ, తిల్లిని ప్లీహమనీ! తను పుట్టి పెరిగిన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా కాలేయం వండారా? తన మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపంలోంచే హుషారు పుట్టుకొచ్చింది.

"చిన్నబాపూ, పోగులు వద్దు! ఉల్టా చెయ్యాలె!" అని గట్టిగా అరిచింది. అంత గొంతు తనకుందని ఆ పిల్లకే తెలియదు. "కోసిన పొట్టేలును మల్ల లేపాలె. ఏ ముక్క యాడికెల్లి తీసినవో ఆడనే పెట్టు. మూడు నిమిషాలల్ల లేచి నిలబడాలె!"

కొయ్యడం అందరికీ వచ్చు, కోసినదాన్ని లేపడమంటే ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు. శ్రీపాల్ మొహం వెలిగిపోయింది.

"షురూ చెయ్యే గడియారం!"

ఇక చూడండి ఆ గది! "కార్జం కుడిదిక్కు, పక్కటెముకల కింద!" "చేదుతిత్తి దాని కిందనే, జర మెల్లగ!" "తిల్లి పొట్టకు ఆనుకోని ఉంటది, ఎడమకు, ఎడమకు! నీ ఎడమ కాదయ్యా, దాని ఎడమ!" గుర్దాలు వీపువైపు పోవాలని రుక్మాబాయి స్వయంగా చెయ్యి పెట్టి దూర్చింది. పొట్ట దగ్గర శ్రీపాల్ ఆగిపోయాడు. పళ్ళెం కింద వెతికాడు, బల్ల కింద వెతికాడు.

"పొట్ట ఒక్కటే ఉంది. తక్కిన మూడు ఎవడు ఎత్కపోయిండు?"

"మనిషికి ఒక్కటే చిన్నబాపూ! నాలుగు అర్రల పొట్ట గడ్డి తినేటోళ్ళకు!"

"గింత తింటడు, గింత తాగుతడు, మనిషికి ఒక్కటేనా?" అని జానయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

పేగుల దగ్గర ఇంద్రమ్మ ముందుకొచ్చింది. నలభై ఏళ్ళు బోటి కడిగిన చేతులు అవి. బొమ్మ పేగు కొస పట్టుకుని గుంజుతూ మోచేతితో మూరలు కొలిచింది. పదిహేను మూరలకు అది అయిపోయింది.

"ఆఁ! మేకకు యాభై మూరలుంటది. గింతేనా మనిషిది?"

"గడ్డి అరగాలంటె గంత పొడుగు కావాలె నాయినమ్మా. మనం వండుకోని తింటం గదా, మనకు గింత సాలు."

"అంటె సగం పని పొయ్యి చేస్తదన్నట్టు," అంది ఇంద్రమ్మ. పాఠం రాసిన పుస్తకంలో కూడా ఇంత బాగా లేదు ఆ ముక్క. అంకితకు నాయనమ్మను ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది.

అరనిమిషం మిగిలి ఉంది. పళ్ళెంలో ఇంకా ఒక చిన్న ముక్క, లేత పసుపు రంగుది, నాలుకలా సన్నగా ఉన్నది పడి ఉంది. శ్రీపాల్ దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది మనం పోగుల పెట్టం. కొవ్వు ముక్క," అని బల్ల కిందికి విసిరేసి చేతులు దులుపుకున్నాడు. గంట మోగింది, పెద్ద ముక్కలన్నీ చోట్లో పడితే చాలేమో, బొమ్మ కళ్ళు తెరిచింది, గుండెకాయ లయగా కొట్టుకోవడం మొదలైంది. జనం కేకలకు బయట తోటమాలి లోపలికి తొంగి చూశాడు. ఆ గోలలో అంకిత కూడా చప్పట్లు కొడుతూ గెంతులేసింది. ఆ పసుపు ముక్క సంగతి ఆ పిల్లకు తట్టనే లేదు.

ఇంకొక చిక్కు మిగిలింది. ఆఖరి గదిలో గోడ కార్జం అనదు, కాలేయం అంటుంది. ఉపాయం కూడా పోగుల్లోంచే దొరికింది. పోగులు పెట్టాక ఏది ఎవరిదో తేల్చేటప్పుడు ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు చూపించి "ఇది ఎవరికి?" అంటే, వీపు తిప్పినవాడు చూడకుండా ఒకరి పేరు చెబుతాడు. ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరూ మరిచిపోరు. అంకిత శ్రీపాల్‌ను గోడవైపు తిప్పి నిలబెట్టింది. కార్జం మీద వేలు పెట్టింది.

"కాలేయం! ఎవలకు?"

"రుక్మక్కకు!"

"మూత్రపిండాలు! ఎవలకు?"

"జానన్నకు!" అనగానే గొల్లున నవ్వు. గుర్దాలకే ఆ పేరని తెలిశాక ఇంద్రమ్మ కూడా గోడను క్షమించింది. ప్లీహం యాదలక్ష్మికి పోయింది. ఒక్కొక్క పేరు వినగానే ఇరవై మందీ తమ ఒంటి మీద ఆ చోట చేత్తో చరుచుకున్నారు. కాలేయం అంటే చాలు, "రుక్మక్కది!" అని కుడి పక్కటెముకల మీద ఒకటే చప్పుడు.

ఆఖరి గది తలుపు మూసుకుంది. అంకిత అద్దం ఇవతల, పక్కన శ్రీసుధ. లోపల మాట బయటికి వినిపిస్తోంది, బయటి మాట లోపలికి పోదు.

"మీ గుండె ఎక్కడ ఉంది?" ఇరవై చేతులు లేచాయి. ఇరవై.

"మీ కాలేయం?" "రుక్మక్కది!" అన్న అరుపుకు అద్దం అదిరింది. పందొమ్మిది.

"మీ మూత్రపిండాలు?" జానయ్య తన సొత్తును చూపిస్తున్నట్టు దర్జాగా రెండు చేతులూ నడుం వెనక పెట్టుకున్నాడు. పద్దెనిమిది.

"మీ ప్లీహం?" అక్కడ కొందరు తడబడ్డారు. అయినా పదిహేను.

అంకిత కాళ్ళు నేల మీద ఆనడంలేదు. నాలుగు ప్రశ్నలకే డెబ్బై రెండు. ఇంకొక్క ప్రశ్న, ఇంకొక్క చెయ్యి చాలు. ఇరవై మందిలో ఒక్కరు!

"మీ క్లోమం ఎక్కడ ఉంది?"

లోపల అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఎవలదే అది?" అంది రుక్మాబాయి. "నాకు రాలే," అంది యాదలక్ష్మి. శ్రీపాల్ గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు, జానయ్య మోకాలు పట్టుకున్నాడు, ఇంద్రమ్మ అద్దం వైపు తిరిగి మనవరాలి కోసం వెతికింది. తెర మీద సున్నా పడింది. మొత్తం డెబ్బై రెండు.

అంకితకు బల్ల కిందికి ఎగిరిపడిన ఆ పసుపు ముక్క అప్పుడు గుర్తొచ్చింది.

శ్రీసుధ నోటు పుస్తకం మూసింది. "చాలా బాగా చేశారండీ. నిజంగా. కానీ సమానం వచ్చినప్పుడు చదువు ఎక్కువున్నవాళ్ళకే ఇవ్వాలి. రూలు అలా ఉంది." ఆమె గొంతులో బాధ నిజమైనదే.

అంకిత ఆ మాట వింది, కానీ ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. తలుపు తెరుచుకుని ఊరివాళ్ళు బయటికి వస్తున్నారు. వాళ్ళ మొహాలు చూస్తోంది. నాయనమ్మకు షుగరు. జానయ్యకు షుగరు. రుక్మాబాయికి పోయినేడు కాలి వేలు తీసేయాల్సింది, కొద్దిలో తప్పింది. ఇరవై మందిలో పది మందికి తక్కువ కాకుండా పొద్దున లేస్తే గోలీ మింగేవాళ్ళే. వాళ్ళకు అన్నీ చూపించి, వాళ్ళకు అన్నిటికంటే అవసరమైనదాన్ని కొవ్వు ముక్క అని పారేస్తుంటే తను చప్పట్లు కొట్టింది! ఉద్యోగం పోయినందుకంటే దీనికే ఎక్కువ సిగ్గేసింది ఆ పిల్లకు.

"ఒక్క నిమిషం మేడం. మార్కులకు కాదు," అంది. గబగబా మూడో గదిలోకి ఉరికి, బల్ల కింద పాకి, దుమ్ము కొట్టుకున్న ముక్కను పట్టుకొచ్చింది. "చిన్నబాపూ, నువ్వు పారేసినవ్, నేను చూసుకుంట ఊకున్న. షుగర్ గోలీలు ఏసుకునేటోళ్ళంత ఇటు రాండ్రి. గిదే క్లోమం. మీరు తిన్న తీపిని రక్తంల పేరుకోకుంట చూసేది గిదే. గిది అలసిపోతేనే మీకు షుగర్ వచ్చింది. పొట్ట ఎనక దాక్కోని ఉంటది, అందుకే ఎవలకూ కనవడదు. రొమ్ము బొక్క కింద చెయ్యి పెట్టుండ్రి. ఆఁ, గక్కడ."

ఈసారి అరుపుల్లేవు. ఒక్కొక్కరే చెయ్యి పెట్టుకున్నారు. జానయ్య కడుపు మీద అరచెయ్యి ఆనించుకున్నాడు. "ఇన్నేండ్లు దాని పేరే తెల్వదు," అన్నాడు మెల్లగా. "గోలీలిచ్చే డాక్టరు కూడ చెప్పలే."

శ్రీపాల్ ఆ ముక్కను అంకిత చేతిలోంచి తీసుకుని, చొక్కాతో తుడిచి, పోయి బొమ్మ పొట్ట వెనక దాని చోట భద్రంగా పెట్టి వచ్చాడు.

ఇంద్రమ్మ అందరి చేతులూ చూస్తూ వచ్చి శ్రీసుధ ముందు ఆగింది. "నువ్వు పెట్టలేదేంది బిడ్డ? నీది యాడుంది?"

శ్రీసుధ చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. బొడ్డుకు కుడిపక్కన, కింద ఎక్కడో వాలింది. ఆరు నెలల నుంచి ఆ పాఠం దిద్దుతున్నది ఆమే. ఆ గోడ గొంతుకు మాటలు రాసిచ్చింది కూడా ఆమే.

"అక్కడ కాదు," అంది ఇంద్రమ్మ. మేనేజరు అని చూడలేదు, ఆ చేతిని పట్టుకుని మెల్లగా పైకి జరిపి, రొమ్ము ఎముక కింద ఆనించింది. "గిక్కడ. పొట్ట ఎనక. మా పిల్ల చెప్పింది."

శ్రీసుధకు కళ్ళజోడు వెనక కళ్ళు తడిసినట్టున్నాయి. "నాకూ షుగరేనమ్మా," అంది చాలా చిన్నగా. "నాలుగేళ్ళ నుంచి మాత్రలు వాడుతున్నాను. అది ఎక్కడుందో ఇప్పటిదాకా నాకు తెలీదు."

తరవాత నోటు పుస్తకం మళ్ళీ తెరిచింది. ఒక చెయ్యి ఇంద్రమ్మ పెట్టిన చోటే ఉంచుకుని, రెండో చేత్తో డెబ్బై రెండు కొట్టేసింది.

"డెబ్బై మూడు," అంది.